మా అమ్మాయి హోంవర్కు: అమెరికా అంతర్యుద్ధం ‘రాష్ట్రాల హక్కుల’ కోసమేనా?

రిచ్‌మండ్‌నాన్న
శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. వర్జీనియాలో రిచ్‌మండ్‌కి వచ్చి పదకొండేళ్లయింది. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. "ఇక యుద్ధం తప్పదు అనే పరిస్థితి ఏ ఏడాది వచ్చింది? ఎందుకు?" అని ఒక పేజీ రాసుకు రమ్మన్నారట. నన్నడిగింది. నాకు తెలిసిందల్లా పదో తరగతిలో బట్టీ పట్టిన నాలుగు ముక్కలు. లింకన్ వచ్చాడు, బానిసలను విడిపించాడు, అయిపోయింది.

మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉన్నాడు. చాలా మంచి మనిషి, వేసవి అంతా మాకు టమాటాలు ఇస్తూనే ఉంటాడు. ఆయన్ని అడిగితే "బానిసత్వం కోసం కాదు, రాష్ట్రాల హక్కుల కోసం" అన్నాడు. ఆయన ముత్తాత తండ్రి దక్షిణాది సైన్యంలో చేశాడట. 2021 సెప్టెంబరులో ఇక్కడ దక్షిణాది సేనాపతి లీ విగ్రహం తీసేసిన రోజు మా అమ్మాయి నాలుగో తరగతిలో ఉంది, టీవీలో చూసి "ఎందుకు తీస్తున్నారు?" అంది. అప్పుడు మాట దాటేశాను. ఈసారి దాటేయడానికి లేదు.

తెలిసినవాళ్లు చెప్పండి. సోమవారం రాత్రికల్లా కావాలి.

సందేహాలస్వామి
శుక్రవారం, రాత్రి 9:40

ముందు నా సందేహం తీర్చండి. 1861 మార్చి 4న ప్రమాణ స్వీకారం చేస్తూ లింకనే చెప్పాడు కదా, బానిసత్వం ఇప్పటికే ఉన్న రాష్ట్రాల్లో దాని జోలికి వెళ్లే ఉద్దేశం నాకు లేదని. దానికి రెండు రోజుల ముందు కాంగ్రెస్ ఏకంగా రాజ్యాంగ సవరణే ఆమోదించింది, ఆ రాష్ట్రాల బానిసత్వంలో కేంద్రం ఎప్పటికీ వేలు పెట్టకూడదని. ఇంత హామీ ఇచ్చాక కూడా యుద్ధం వచ్చిందంటే కారణం ఇంకేదో ఉండాలి. మీ పెద్దాయన మాట కొట్టిపారేయకండి.

(ఇక్కడ కాంగ్రెస్ అంటే వాళ్ల పార్లమెంటు. మన పార్టీ అనుకుని ఎవరూ మీద పడొద్దు.)

పాతకాగితం
శుక్రవారం, రాత్రి 10:25

స్వామీ, సందేహం మంచిదే. జవాబు కూడా అందులోనే ఉంది. అంత హామీ ఇచ్చినా, అప్పటికే దేశం నుంచి విడిపోయిన ఏడు దక్షిణాది రాష్ట్రాలూ వెనక్కి రాలేదు. ఉన్నచోట ముట్టుకోము అంటే వాళ్లకి సరిపోలేదన్నమాట. అయితే వాళ్లకి కావలసిందేమిటి?

చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని, కాబట్టి ముందు కాగితం చూడమంటాను. విడిపోయినవాళ్లు ఎందుకు విడిపోతున్నారో వాళ్లే రాసి అచ్చు వేయించి పంచారు. దక్షిణ కరోలినా 1860 డిసెంబరు 20న 169-0 ఓట్లతో విడిపోయింది. నాలుగు రోజులకి కారణాల ప్రకటన ఇచ్చింది. అందులో అసలు ఫిర్యాదు ఏమిటంటే, ఉత్తరాది రాష్ట్రాలు పారిపోయిన బానిసలను పట్టి అప్పగించడం లేదు, కేంద్ర చట్టాన్ని తమ సొంత చట్టాలతో నీరుగారుస్తున్నాయి అని. న్యూయార్క్ గుండా బానిసని వెంటబెట్టుకు వెళ్లనివ్వడం లేదని కూడా అందులో ఉంది.

ఇది రాష్ట్రాల హక్కుల వాదమా, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నదా? ఉత్తరాది రాష్ట్రాలు తమ హక్కు వాడుకున్నాయనే వీళ్ల ఏడుపు.

మిసిసిపీ అయితే డొంకతిరుగుడు లేకుండా రాసింది: మా నిలకడ బానిసత్వ వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉంది, అది ప్రపంచంలోకెల్లా పెద్ద భౌతిక ప్రయోజనం అని. వాళ్ల కొత్త దేశానికి ఉపాధ్యక్షుడైన అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చి 21న సవానాలో సభ పెట్టి, నల్లవాడు తెల్లవాడితో సమానం కాడు, బానిసత్వమే వాడి సహజ స్థితి, మా ప్రభుత్వానికి మూలరాయి ఇదే అన్నాడు. రాష్ట్రాల హక్కుల మాట బాగా ఊపందుకున్నది యుద్ధం ఓడిపోయాకే. స్టీఫెన్స్ కూడా తర్వాత స్వరం మార్చాడు.

పెద్దాయనకి ఇవి ప్రింటు తీసి ఇవ్వండి. వాదించకుండా ఊరికే ఇవ్వండి.

నల్లకోటు
శుక్రవారం, రాత్రి 11:05

పాతకాగితం సారు చెప్పింది ముమ్మాటికి నిజం. నేను ఇంకొంచెం ఎనక్కి పోయి చెప్త. ఇది వకీలు లెక్కనే మొదలైంది.

1787ల రాజ్యాంగం రాసినోళ్లు అందుల ‘బానిస’ అన్న మాట యాడ రానియ్యలే. సిగ్గుపడ్డరు. గని పని మాత్రం కానిచ్చుకున్నరు. పార్లమెంటు సీట్లు జనాభాను బట్టి ఇయ్యాలె కదా, మరి బానిసలను లెక్కవెట్టాల్నా వద్దా? దక్షిణమోళ్లు పెట్టాలన్నరు, ఉత్తరమోళ్లు వద్దన్నరు. బేరం తెగింది ఎక్కడంటే, అయిదుగురిని ముగ్గురి కింద లెక్కవెట్టుడు. ఒక రాష్ట్రంల లక్ష మంది బానిసలుంటే 60,000 మంది జనాభా ఎక్కువ అన్నట్టు. ఆ లక్ష మందికి ఓటు లేదు, మాట లేదు. గని ఆళ్ల పేరు మీద ఆళ్ల యజమానికి సీట్లు. ప్రెసిడెంట్‌ను ఎన్నుకునే ఓట్లు గూడ ఆ సీట్లను బట్టే.

ఉత్తరాన జనం జల్ది పెరిగిన్రు, కింది సభ చేజారుతున్నదని దక్షిణానికి సమజైంది. మిగిలింది సెనేటు. అండ్ల చిన్న రాష్ట్రమైనా పెద్ద రాష్ట్రమైనా ఇద్దరే. 1819ల బానిస రాష్ట్రాలు 11, బానిసలు లేని రాష్ట్రాలు 11. తక్కెడ సమానం. అప్పుడు మిస్సోరి వచ్చి నన్ను బానిస రాష్ట్రంగ చేర్చుకోండ్రి అన్నది. లొల్లి లొల్లి. 1820ల రాజీ చేసిన్రు: మిస్సోరి అటు, మెయిన్ అనే కొత్త రాష్ట్రం ఇటు, ఇంక 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశం మీద గీత గీసి దాని పైన మిగిలిన భూమిల బానిసత్వం లేదు అని. మాజీ ప్రెసిడెంట్, ముసలి జెఫర్సన్ అది చూసి, అర్ధరాత్రి అగ్గి గంట మోగినట్టయింది నాకు అని ఉత్తరం రాసిండు. ఆయన దగ్గర గూడ వందల మంది బానిసలు ఉన్నరనుకో, అది ఏరే కథ.

గీత 34 ఏండ్లు నిలిచింది. గీతను చెరిపిన నాడే యుద్ధం మొదలైందని నా లెక్క.

గోదారిగట్టు
శనివారం, ఉదయం 6:50

ఏవండీ, నాదొక తెలివితక్కువ ప్రశ్న. బ్రిటన్ వాడు 1833లో చట్టం చేసి, యజమానులకి 2 కోట్ల పౌన్లు పరిహారమిచ్చి వదిలించుకున్నాడు కదండీ. బానిసలకి పైసా ఇవ్వలేదనుకోండి. అమెరికా వాళ్లూ అలా డబ్బు పారేస్తే పోయేది కదా? అన్ని లక్షల మంది చావడమెందుకూ?

పాతకాగితం
శనివారం, ఉదయం 8:15

తెలివితక్కువ ప్రశ్న కాదండి, అసలు గుట్టు అక్కడే ఉంది. బ్రిటన్ కొన్నది సుమారు 8 లక్షల మందిని, అదీ సముద్రం అవతల దీవుల్లో. ఆ యజమానులకి లండన్‌లో పార్లమెంటును ఆపగల బలం లేదు. అమెరికాలో 1860 నాటికి బానిసలు 39 లక్షల 50 వేల మంది. 1790లో వాళ్లు 7 లక్షలే.

మధ్యలో జరిగింది పత్తి. 1793లో ఎలి విట్నీ గింజ తీసే యంత్రం పెట్టాడు. అంతకుముందు ఒక మనిషి రోజంతా కూర్చుని వేళ్లతో గింజలు వలిస్తే అరకిలో దూది వచ్చేది. యంత్రం వచ్చాక గింజ తీయడం సులువైంది, దాంతో ఏరడానికి చేతులు ఎన్నున్నా చాలకుండా పోయాయి. 1860కి అమెరికా ఎగుమతుల్లో సగానికి పైగా ఒక్క పత్తే. ఆ మనుషుల మార్కెట్ విలువ 300 కోట్ల డాలర్లకు పైమాటే అంటారు. దేశంలో ఉన్న రైల్వేలు, ఫ్యాక్టరీలు అన్నీ కలిపినా అంత లేదు. దక్షిణ కరోలినాలో నూటికి 57 మంది బానిసలు, మిసిసిపీలో 55. అప్పు తీసుకోవాలంటే తాకట్టు పెట్టేది మనుషుల్నే. కూతురికి కట్నం ఇవ్వాలంటే ఇచ్చేదీ మనుషుల్నే.

బానిసత్వం దానంతటదే చచ్చిపోతుందని తొలితరం నాయకులు అనుకున్నారు. అనుకున్నంతకాలం రాజీలు కుదిరాయి. 1830లు దాటేసరికి ‘తప్పనిసరి చెడ్డ’ అని ఒప్పుకునే గొంతులు పోయి, ‘ఇది మేలు, అందరికీ మంచిదే’ అనే గొంతులు వచ్చాయి. దక్షిణ కరోలినా సెనేటర్ కాల్హూన్ సెనేట్‌లో బాహాటంగా అన్న మాట అది. ఆ మాట వచ్చాక రాజీకి చోటెక్కడిది?

గుంటూరుపత్తి
శనివారం, ఉదయం 10:30

పత్తి అన్నారు కాబట్టి వచ్చా. ఆ యుద్ధంలో ఉత్తరాది నౌకలు దక్షిణ రేవుల్ని మూసేసేసరికి లాంకషైర్ మిల్లులకి దూది లేకుండా పోయింది. ఇంగ్లీషువాడు మన మీద పడ్డాడు. మా గుంటూరు వైపు పత్తి కాకినాడ రేవు నుంచే పోయింది, ఆ రేవు ఎదిగింది ఆ రోజుల్లోనే. ఆ రకం దూదికి మార్కెట్లో ‘కోకనాడా’ అనే పేరు కూడా పడింది. 1865లో యుద్ధం అయిపోయింది, రేటు పడిపోయింది, బొంబాయిలో వ్యాపారులు కుప్పకూలారు. రైతు సంగతి చెప్పేదేముంది.

కాటన్ దొరకీ ఈ కాటన్‌కీ సంబంధం లేదు, ఎవరన్నా అడుగుతారేమో అని ముందే చెబుతున్నా.

గోదారిగట్టు
శనివారం, ఉదయం 10:41

అడుగుదామనే అనుకున్నానండి ఆయ్ 😀

బోస్టన్‌చలి
శనివారం, ఉదయం 11:20

నేను బోస్టన్ దగ్గర ఉంటాను. నల్లకోటు గారు 1820 గీత గురించి చెప్పారు. నా ఓటు మాత్రం 1850కి. మెక్సికోతో యుద్ధం చేసి (1846-48) బోలెడంత భూమి లాక్కున్నారు. లాక్కున్న మరుక్షణం నుంచి తగువు, ఇందులో బానిసలు ఉండొచ్చా ఉండకూడదా అని. చివరికి 1850లో మళ్లీ ఒక రాజీ. కాలిఫోర్నియా స్వేచ్ఛా రాష్ట్రం. దానికి బదులుగా దక్షిణానికి దొరికింది పారిపోయిన బానిసల చట్టం.

ఆ చట్టం ఎంత దారుణమో వివరంగా చదివితే గానీ తెలియదు. నల్లవాణ్ని పట్టుకుని "వీడు నా బానిస" అని ఎవరైనా అంటే, ఆ మనిషికి జ్యూరీ లేదు, సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు. కమిషనర్ ఒకడు తేల్చేస్తాడు. బానిసే అని పంపితే కమిషనర్‌కి ఫీజు 10 డాలర్లు. కాదని వదిలేస్తే 5. కాగితం పని ఎక్కువ కదా అని సాకు! దారిన పోయేవాణ్ని కూడా పట్టుకోవడానికి సాయం రమ్మని పిలవొచ్చు, రాకపోతే నేరం.

అంటే ఇన్నాళ్లూ బోస్టన్ వాడికి బానిసత్వం ఎక్కడో దూరంగా ఉన్న సంగతి. ఇప్పుడు వాడి వీధిలోకి వచ్చింది, వాణ్నే తాడు పట్టుకోమంది.

1854 మే 24న ఆంథనీ బర్న్స్ అనే ఇరవయ్యేళ్ల కుర్రాణ్ని ఇక్కడ పట్టుకున్నారు. మీ రిచ్‌మండ్ నుంచే ఓడలో దాక్కుని వచ్చాడు రిచ్‌మండ్‌నాన్న గారూ. రెండో రోజు రాత్రి జనం కోర్టు తలుపు దుంగతో బద్దలు కొట్టారు, ఒక కాపలావాడు చనిపోయాడు. అయినా విడిపించలేకపోయారు. జూన్ 2న సైనికులు అటూ ఇటూ నడుస్తుంటే, ఫిరంగి ఒకటి వెంట వస్తుంటే, ఒక్క మనిషిని కోర్టు నుంచి రేవు దాకా నడిపించారు. దారిలో షాపుల కిటికీలకి నల్లగుడ్డలు. స్టేట్ స్ట్రీట్ మీద ఒక శవపేటిక వేలాడదీశారు. చూడ్డానికి 50,000 మంది వచ్చారంటారు. ఆ వీధిలో ఇప్పుడు మా ఆఫీసు పక్కనే కాఫీ షాపు, రోజూ అక్కడే నిలబడి కాఫీ తాగుతాను.

అమోస్ లారెన్స్ అనే మిల్లుల యజమాని, దక్షిణాది పత్తి మీదే బతికిన పెద్దమనిషి, రాశాడు: రాత్రి పడుకునేటప్పుడు రాజీ కోరుకునే పాతకాలపు మనుషులం, పొద్దున్న లేచేసరికి బానిసత్వం పోవాలనే పిచ్చివాళ్లమైపోయాం అని.

రిచ్‌మండ్‌నాన్న
శనివారం, సాయంత్రం 6:05

బోస్టన్‌చలి గారూ, మీ పోస్టు చదివి బర్న్స్‌ని వెనక్కి తెచ్చాక ఏం చేశారా అని వెతికాను. వెతికి, మా అమ్మాయిని కారెక్కించుకుని బయల్దేరాను.

ఇక్కడ షాకో బాటమ్ అని పల్లపు ప్రాంతం. మెయిన్ స్ట్రీట్ రైల్వే స్టేషన్ పక్కన, ఐ-95 హైవే కింద. వారానికి అయిదు రోజులు ఆ హైవే మీద నుంచే ఆఫీసుకి వెళ్తాను. అక్కడ లంప్‌కిన్ అనేవాడి జైలు ఉండేది, మనుషుల్ని అమ్మేదాకా దాచే జైలు. దాని పేరే ‘సైతాను అరెకరం’ అట. బర్న్స్‌ని తెచ్చి నాలుగు నెలలు పెట్టింది అందులోనే, సంకెళ్లతో, చిన్న గదిలో. తర్వాత 905 డాలర్లకి నార్త్ కరోలినా వాడికి అమ్మేశారు. బోస్టన్‌లో నల్లవాళ్ల చర్చి పాస్టరు చందాలు పోగేసి 1,300 ఇచ్చి కొని విడిపించాడు.

ఇప్పుడక్కడ గడ్డి, ఒక బోర్డు, పైన రైళ్లు, లారీల హోరు. 2008లో తవ్వితే పునాదులు బయటపడ్డాయట, మళ్లీ మట్టి కప్పారు. బోర్డు మీద ఇంకో సంగతి ఉంది. యుద్ధం అయ్యాక లంప్‌కిన్ భార్య మేరీ, ఆమె కూడా ఒకప్పుడు అతని బానిసే, ఆ స్థలాన్ని 1867లో విడుదలైనవాళ్ల బడికి అద్దెకిచ్చింది. ఇప్పటి వర్జీనియా యూనియన్ యూనివర్సిటీ మొదలైంది అలాగే. మా వీధి చివర ఉండే ఒకాయన అక్కడే చదువుకున్నాడు, ఇన్నేళ్లలో ఆ సంగతి నాకు తెలియదు.

అమ్మాయి బోర్డు ఫొటో తీసుకుంది. కార్లో ఏం మాట్లాడలేదు.

నల్లకోటు
శనివారం, రాత్రి 9:30

అన్నా, తారీఖులు చూసినవా? బర్న్స్‌ను నడిపించింది జూన్ 2. గీతను చెరిపిన చట్టం మీద ప్రెసిడెంట్ పియర్స్ సంతకం పెట్టింది మే 30. ఒక్క వారంల రెండూ.

ఆ చట్టం కాన్సస్-నెబ్రాస్కా చట్టం. ఇల్లినాయి సెనేటర్ స్టీఫెన్ డగ్లస్, అయిదడుగుల నాలుగంగుళాల మనిషి, పెద్ద గొంతు. ఆయనకు పడమటికి రైలు కావాలె. దక్షిణపు ఓట్లు గావాలంటే ఆ గీతను తుడిచేయాలె. "బానిసత్వం ఉండాల్నా వద్దా అన్నది అక్కడి జనమే ఓటేసి తేల్చుకుంటరు" అన్నడు. ఇనడానికి మంచిగనే ఉన్నది. ప్రజాస్వామ్యం గదా!

ఏమైందో చెప్త. 1855 మార్చి 30న కాన్సస్‌ల శాసనసభకు ఎలక్షన్లు. లెక్కవెట్టిన ఓటర్లు 2,905. పడ్డ ఓట్లు 6,307. పక్క మిస్సోరి నుంచి బండ్లు కట్టుకొని, తుపాకులు వట్టుకొని, విస్కీ సీసాలతోని వచ్చి గుద్దిపోయిన్రు. ముందల నడిచింది ఆ నెల మొదటి దాంక మిస్సోరి సెనేటర్‌గ ఉన్న అచిసనే. దొంగ ఓట్లంటే మనకు కొత్తగ చెప్పాల్నా! ఆ సభ కూసొని, బానిసత్వం తప్పు అని మాట్లాడుడే నేరం అని చట్టం చేసింది. బానిసత్వం వద్దన్న ఇవతలోళ్లు మేం ఒప్పుకోమని ఏరే ప్రభుత్వం పెట్టుకున్నరు. ఒక్క కాన్సస్‌కు రెండు ప్రభుత్వాలు.

ఇవతలోళ్లకు పైసలు పంపినోళ్లల్ల పెద్దాయన ఎవలో తెలుసా? బోస్టన్‌చలి చెప్పిన గా అమోస్ లారెన్సే. ఆళ్ల ఊరికి ఆయన పేరే వెట్టిన్రు, లారెన్స్ అని. 1856 మే 21న మిస్సోరోళ్లు ఆ ఊరి మీద పడి హోటల్ తగలవెట్టి, ప్రింటింగ్ ప్రెస్సులను ఏట్ల పారేసిన్రు.

పాతకాగితం
శనివారం, రాత్రి 10:50

మరునాడు, మే 22న, వాషింగ్టన్‌లో జరిగింది కూడా చెప్పాలి.

మసాచుసెట్స్ సెనేటర్ చార్లెస్ సమ్నర్ కాన్సస్ మీద రెండు రోజులు ప్రసంగించాడు. అందులో దక్షిణ కరోలినా సెనేటర్ బట్లర్‌ని బాగా దెప్పాడు, బానిసత్వమనే వేశ్యను ప్రియురాలిగా ఎంచుకున్నాడని. బట్లర్ ఆ రోజు సభలో లేడు. దెప్పిన తీరు అంత మర్యాదగా లేదు, అది ఒప్పుకోవాలి. బట్లర్ బంధువు ప్రెస్టన్ బ్రూక్స్ కింది సభ సభ్యుడు. సెనేట్ వాయిదా పడ్డాక లోపలికి వచ్చి, ఆడవాళ్లు గ్యాలరీలోంచి వెళ్లిపోయేదాకా ఆగాడు. అప్పుడు సమ్నర్ తన బల్ల దగ్గర కూర్చుని ఏదో రాసుకుంటున్నాడు. బ్రూక్స్ రెండు ముక్కలు చెప్పి, బంగారు పిడి ఉన్న చేతికర్రతో తల మీద కొట్టడం మొదలెట్టాడు. సమ్నర్ పొడవాటి మనిషి, కాళ్లు బల్ల కింద ఇరుక్కున్నాయి. ఆ బల్ల నేలకి బిగించి ఉంది. లేవబోయి, ఆ ఊపులో బల్లని నేల నుంచి పెకలించేశాడు. అప్పటికే కళ్లలోకి రక్తం. కర్ర విరిగి ముక్కలయ్యేదాకా బ్రూక్స్ కొడుతూనే ఉన్నాడు. ఎవరూ అడ్డం రాకుండా కీట్ అనే తోటి సభ్యుడు కాపలా కాశాడు.

శిక్ష 300 డాలర్ల జరిమానా. బహిష్కరించడానికి మూడింట రెండొంతుల ఓట్లు రాలేదు. బ్రూక్స్ రాజీనామా చేసి ఊరికి పోతే జనం మళ్లీ గెలిపించారు, కొత్త కర్రలు కానుకగా పంపారు. సమ్నర్ మూడేళ్లు సభకి రాలేకపోయాడు. మసాచుసెట్స్ అతన్నే మళ్లీ ఎన్నుకుని ఆ కుర్చీ ఖాళీగా ఉంచింది.

నాకు దెబ్బలకంటే ఆ కర్రలే ఎక్కువ చెబుతాయి. ఒక చోట నేరం, ఇంకో చోట సన్మానం. చట్టం ఒకటే, దేశం అప్పటికే రెండు.

ఆ వార్త ఒకవైపు, లారెన్స్ తగలబడిన వార్త ఇంకోవైపు. మే 24 రాత్రి జాన్ బ్రౌన్ తన కొడుకులతో వెళ్లి కాన్సస్‌లో పొటావటమీ ఏటి పక్కన బానిసత్వం వైపు మనుషులు ఐదుగురిని ఇళ్లలోంచి లాక్కొచ్చి కత్తులతో నరికాడు. న్యాయం వైపు ఉన్నవాడు చేసినా అది హత్యే.

సందేహాలస్వామి
శనివారం, రాత్రి 11:15

కీట్ అన్నారు, అతని కథ ఇంకోటి ఉంది. 1858 ఫిబ్రవరిలో, కాన్సస్ మీదే, రాత్రి రెండు గంటలప్పుడు కింది సభలో కొట్లాట. మొదలుపెట్టింది ఈ కీటే, పెన్సిల్వేనియా సభ్యుడు గ్రో గొంతు పట్టుకోబోయి. పదులకొద్దీ సభ్యులు కలబడ్డారు. ఆ తోపులాటలో ఎవరో మిసిసిపీ సభ్యుడు బార్క్స్‌డేల్ జుట్టు పట్టుకుంటే విగ్గు ఊడి చేతికొచ్చింది. ఆయన కంగారుగా లాక్కుని తిరగేసి పెట్టుకున్నాడు. సభ మొత్తం నవ్వేసింది, కొట్లాట ఆగిపోయింది. ఏడేళ్లు తిరక్కుండా ఆ బార్క్స్‌డేల్ గెటిస్‌బర్గ్ పోరులో, ఈ కీట్ కోల్డ్ హార్బర్ పోరులో తుపాకీ దెబ్బకి పోయారు.

మన లోక్‌సభలో 2014లో…

నిర్వాహకుడు
శనివారం, రాత్రి 11:18

ఆ ఏడాది ఇక్కడ ఎత్తొద్దు స్వామీ. ఎత్తితే దారానికి తాళం వేస్తా. గత అనుభవం ఉంది.

నల్లకోటు
ఆదివారం, ఉదయం 9:00

ఇగ కోర్టు సంగతి. నా వృత్తి గాబట్టి నాకు దీని మీద కోపం ఎక్కువ.

డ్రెడ్ స్కాట్ అనేటాయనను యజమాని, సైన్యంల డాక్టరు, స్వేచ్ఛా ప్రాంతాలకు తీసుకపోయి ఏండ్లకేండ్లు ఉంచిండు. అక్కడ ఉన్న గాబట్టి నేను స్వేచ్ఛ గలవాణ్ని అని కేసు ఏసిండు. పదకొండేండ్లు నడిచింది. 1857 మార్చి 6న సుప్రీంకోర్టు 7-2తో తీర్పు ఇచ్చింది. ప్రధాన న్యాయమూర్తి టానీ ఏం రాసిండంటే, నల్లోళ్లు పౌరులే కారు, రాజ్యాంగం రాసిన నాడు తెల్లోడు మన్నించాల్సిన హక్కు ఏదీ ఆళ్లకు లేకుండె అని. అంతటితోని ఆగొచ్చు. ఆగలే. టెరిటరీలల్ల, అంటే ఇంక రాష్ట్రం కాని భూములల్ల, బానిసత్వాన్ని ఆపే అధికారం కాంగ్రెస్‌కే లేదన్నడు.

రాజకీయ తగాదను ఒక్క తీర్పుతోని ముగిస్త అనుకున్నడు. ఏమైంది? అప్పటికి మూడేండ్ల కింద పుట్టిన రిపబ్లికన్ పార్టీకి ఉన్న ఒక్క ఎజెండా ఈ టెరిటరీలల్ల బానిసత్వం ఆపుడే. అది రాజ్యాంగ విరుద్ధం అయిపాయె. డగ్లస్ చెప్పిన ‘జనమే తేల్చుకుంటరు’ గూడ గాలికి పాయె. నడుమ నిలవడేటందుకు జాగ లేకుంట చేసిండు. కేసు పేరుల ప్రతివాది పేరు గూడ తప్పు అచ్చేసిన్రు, శాన్‌ఫర్డ్‌ను ‘శాండ్‌ఫర్డ్’ అని. ఇయ్యాల్టికీ లా పుస్తకాలల్ల ఆ తప్పుతోనే ఉన్నది.

స్కాట్‌కు ఆ ఏడు మే నెలలనే కొత్త యజమాని విడుదల పత్రం రాసిచ్చిండు. ఏడాదిన్నర బతికిండు అంతే.

సందేహాలస్వామి
ఆదివారం, ఉదయం 11:45

అన్నీ ఒప్పుకుంటా. కానీ ఉత్తరాదిని దేవుళ్లని చేయకండి. 1858లో డగ్లస్‌తో వాదనలప్పుడు ఇల్లినాయిలో చార్లెస్టన్ అనే ఊళ్లో లింకన్ ఏమన్నాడు? నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ సామాజిక, రాజకీయ సమానత్వం తేవాలని నేను అనను అన్నాడు. ఆ ఇల్లినాయిలోనే 1853లో నల్లవాళ్లు వచ్చి స్థిరపడకూడదని చట్టం. ఒరెగాన్ రాజ్యాంగంలోనూ అదే. బానిసత్వం వద్దన్నవాళ్లలో చాలామందికి అసలు నల్లవాళ్లే వద్దు, కొత్త భూములు తెల్ల రైతులకే కావాలి. ఇంకా దిగుమతి సుంకాల గొడవ ఉంది, అది ఎవరూ ఎత్తలేదు.

పాతకాగితం
ఆదివారం, మధ్యాహ్నం 2:20

మొదటి భాగం నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే ‘బానిసత్వాన్ని పోగొట్టడానికి ఉత్తరాది యుద్ధం మొదలుపెట్టింది’ అంటే తప్పు. ‘బానిసత్వాన్ని కాపాడుకోవడానికి దక్షిణాది విడిపోయింది, విడిపోనివ్వకుండా ఉత్తరాది యుద్ధం చేసింది’ అంటే ఒప్పు. ఈ రెండు వాక్యాల తేడా దొరికితే అమ్మాయి పేజీ సగం రాసేసినట్టే.

సుంకాల మాట మాత్రం ఒప్పుకోను. సుంకం మీద దక్షిణ కరోలినా మొండికేసింది 1832-33లో, అప్పుడు ఇంకే రాష్ట్రమూ కలిసిరాలేదు. 1857 నాటి సుంకాలు కొన్ని దశాబ్దాల్లోకెల్లా తక్కువ, దక్షిణాది ఓట్లతో వచ్చినవే. వాటిని పెంచిన చట్టం మీద సంతకం 1861 మార్చి 2న పడింది. అప్పటికి ఏడు రాష్ట్రాలు వెళ్లిపోయాయి, వాళ్లు ఉండి ఓటేస్తే సెనేట్‌లో అది ఆగేది.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. 1859 అక్టోబరులో జాన్ బ్రౌన్ 21 మందితో హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీద పడ్డాడు, పట్టుబడ్డాడు, డిసెంబరు 2న ఉరి తీశారు. అతన్ని పట్టుకున్న దళానికి నాయకుడు రాబర్ట్ లీ, మీ ఊళ్లో తీసేసిన విగ్రహం ఆయనదే. ఉత్తరాన కొన్ని ఊళ్లలో ఉరి రోజు చర్చి గంటలు మోగించారు. దక్షిణాది ఆ గంటలు విని, ఉత్తరాది అంతా జాన్ బ్రౌనే అనుకుంది. 1860లో డెమోక్రటిక్ పార్టీ రెండుగా చీలింది. నలుగురు పోటీ. లింకన్‌కి వచ్చింది నూటికి 40 లోపే, దక్షిణాన పది రాష్ట్రాల్లో ఒక్క ఓటూ పడలేదు, అయినా ఎలక్టోరల్ ఓట్లు 180తో గెలిచాడు. దక్షిణాది ఓటు ఒక్కటీ అక్కరలేకుండా అధ్యక్షుణ్ని ఎన్నుకోవచ్చని తేలిపోయింది. అప్పటికి 18 స్వేచ్ఛా రాష్ట్రాలు, 15 బానిస రాష్ట్రాలు. కొత్త భూములు దక్కకపోతే ఆ తేడా పెరుగుతూనే ఉంటుంది. స్వామి మొదట అడిగినదానికి జవాబు ఇదే: వాళ్లు భయపడింది లింకన్ చెప్పిన మాటకి కాదు, ఆ లెక్కకి.

1861 ఏప్రిల్ 12 తెల్లవారుజామున 4:30కి దక్షిణ కరోలినాలో ఇంకా కేంద్రం చేతిలో ఉన్న సమ్టర్ కోట మీద దక్షిణాది ఫిరంగి పేలింది, యుద్ధం మొదలైంది.

గోదారిగట్టు
ఆదివారం, రాత్రి 8:10

ఇంతకీ పాప ఏ ఏడాది రాసిందండీ? నల్లకోటు గారిది 1857 అనుకుంటా, బోస్టన్‌చలి గారిది 1850.

నల్లకోటు
ఆదివారం, రాత్రి 8:22

నాది 1854ఏ అన్నా. గీతను చెరిపిన నాడు అని ముందే చెప్పిన. కోర్టు మీద కోపం ఏరే.

రిచ్‌మండ్‌నాన్న
సోమవారం, రాత్రి 10:40

రాసేసింది. 1854 మే 30 నుంచి జూన్ 2 దాకా, ఆ నాలుగు రోజులు అని రాసింది. నేనిచ్చిన సలహా కాదు, మీ పోస్టులు నేను తెలుగులో చదివి చెబుతుంటే తనే పట్టుకుంది. ఇంకోటి కూడా పట్టుకుంది, నాకూ తట్టలేదు. "మీ వాళ్లంతా సెనేటర్ల గురించే చెబుతున్నారు నాన్నా. బర్న్స్ పారిపోకపోతే బోస్టన్‌లో గొడవే లేదు కదా. పారిపోయేవాళ్లు లేకపోతే ఆ చట్టమే అక్కర్లేదు కదా. మొదలుపెట్టింది వాళ్లే" అంది. చివరి పేరా అదే. బోర్డు ఫొటో కూడా అతికించింది.

పాతకాగితం
సోమవారం, రాత్రి 11:02

ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పి నేను ఆ వైపు నుంచి ఒక్కరోజూ మొదలుపెట్టలేదు. పాపకి నా తరఫున చెప్పండి.

పక్కింటి ఆయనకి కాగితాలు ఇచ్చారా?

రిచ్‌మండ్‌నాన్న
మంగళవారం, ఉదయం 7:15

ఇచ్చానండి, ఆదివారం సాయంత్రం. మిసిసిపీదీ, దక్షిణ కరోలినాదీ. కళ్లజోడు పెట్టుకుని వరండాలోనే నిలబడి మొదటి పేజీ చదివాడు. "ఇది నేనెప్పుడూ చూడలేదు" అని మడిచి జేబులో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కనబడలేదు. ఇవాళ పొద్దున్న తలుపు తీస్తే గుమ్మం దగ్గర టమాటాల సంచి ఉంది.

కాగితాలు మాత్రం ఇంకా తిరిగి ఇవ్వలేదు.